ఫేస్ క్లెన్సర్‌లో నూనె పైకి తేలుతోంది: సాల్యుబిలైజర్ మార్చాలా, సర్ఫాక్టెంట్ మార్చాలా?

వానచినుకు
మూడు వారాలుగా అమ్మ కోసం ఇంట్లో ఫేస్ క్లెన్సర్ చేస్తున్నాను. ఆమెది బాగా పొడి చర్మం. ఏ ఫేస్‌వాష్ వాడినా ఐదు నిమిషాల్లో బుగ్గలు లాగేస్తున్నాయంటుంది. అందుకే సున్నితంగా ఉండేది నేనే చేసిస్తానని మాటిచ్చాను. మూడు బ్యాచ్‌లు చేస్తే మూడూ ఒకేలా పాడయ్యాయి.

100 గ్రాములకు నా కొలతలు ఇవి: డిస్టిల్డ్ వాటర్ 67.5, డెసిల్ గ్లూకోసైడ్ (మురికిని కడిగే సర్ఫాక్టెంట్) 20, పాలిసార్బేట్-20 (నూనెను నీళ్లలో కలిపే సాల్యుబిలైజర్) ఐదు గ్రాములు, బాదం నూనె 3, గ్లిజరిన్ 3, లావెండర్ ఎసెన్షియల్ ఆయిల్ 1, సోడియం బెంజోయేట్ (పాడవకుండా ఉంచే ప్రిజర్వేటివ్) 0.5.

కలిపినప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది. తెల్లారేసరికి సీసా మెడ దగ్గర నూనె వలయం కడుతుంది. ముఖం కడుక్కుంటే ఒక పక్క లాగేస్తుంది, ఇంకో పక్క బంకగా ఉంటుంది. ఈ రెండూ కలిసి ఎలా వస్తాయో నాకు అర్థం కావడం లేదు. పాలిసార్బేట్-20 బదులు 80 వాడాలా? ఎంత వేయాలి? డెసిల్ గ్లూకోసైడ్ కంటే మెత్తనిది ఏదైనా ఉందా?

నురగమేఘం
పాలిసార్బేట్ రెట్టింపు చేయండి, తేటగా అయిపోతుంది. నాకు అలాగే అయింది.

త్రాసు
రెట్టింపు చేయకండి. ఆ బంకతనం వచ్చిందే పాలిసార్బేట్ వల్ల.

మీ సీసాలో రెండు రకాల నూనెలున్నాయి. లావెండర్ తేలికైనది, దాని అణువులు చిన్నవి. బాదం నూనె ట్రైగ్లిసరైడ్, పెద్ద అణువు. ఒక గ్రాము లావెండర్‌ను కరిగించడానికి నాలుగైదు గ్రాముల పాలిసార్బేట్-20 చాలు. మూడు గ్రాముల బాదం నూనెను నీళ్లలో తేటగా కరిగించాలంటే మాత్రం దానికి ఎన్నో రెట్లు సాల్యుబిలైజర్ పోయాలి. అప్పుడు మీరు చేసింది క్లెన్సర్ అనిపించుకోదు, పాలిసార్బేట్ సీసా అవుతుంది.

ఇంకో సంగతి. పాలిసార్బేట్ కూడా సర్ఫాక్టెంటే. అది లెక్కలోకి రాదని చాలామంది అనుకుంటారు. డెసిల్ గ్లూకోసైడ్ సాధారణంగా 50 శాతం గాఢతతో వస్తుంది, అంటే మీ 20 గ్రాముల్లో అసలు సరుకు, అంటే నీళ్లు పోను మిగిలే సర్ఫాక్టెంట్, 10 గ్రాములు. పాలిసార్బేట్ దాదాపు మొత్తం సరుకే, కాబట్టి ఇంకో 5. మొత్తం 15 శాతం. పొడి చర్మం ఉన్న ముఖానికి నేనైతే 6 నుంచి 8 దాటను.

పీహెచ్_పిచ్చి
పీహెచ్ ఎంత? ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత అది, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం.

వానచినుకు
కొలవలేదు. స్ట్రిప్స్ లేవు. బెంజోయేట్ వేశాను కదా, పాడవదు అనుకున్నాను.

పీహెచ్_పిచ్చి
ముందు ఆ సీసా పారబోయండి. నిజంగానే చెప్తున్నాను, అమ్మగారి ముఖం మీద ఇక వాడకండి.

డెసిల్ గ్లూకోసైడ్ డబ్బాలోంచి వచ్చేటప్పుడే దాని పీహెచ్ 11.5 నుంచి 12.5 వరకు ఉంటుంది. మీరు ఆమ్లం ఏమీ కలపలేదు. మీ సీసా కొలిస్తే 9 పైనే చూపిస్తుందని నా అంచనా. సబ్బు 9 నుంచి 10 మధ్య ఉంటుంది, చర్మం 5 దగ్గర ఉంటుంది. లాగేస్తోందంటే సగం కారణం ఇదే.

ఇక బెంజోయేట్. దాని ఉప్పు రూపం సూక్ష్మజీవుల్ని ఆపలేదు. బెంజోయిక్ ఆమ్లంగా మారిన భాగమే పని చేస్తుంది, ఆ మార్పు పీహెచ్‌ను బట్టి ఉంటుంది. పీహెచ్ 5 దగ్గర సుమారు 14 శాతం ఆమ్ల రూపంలో ఉంటుంది. 7 దగ్గర అర శాతం కూడా ఉండదు. 9 దగ్గర ఉన్నా లేనట్టే. అంటే మూడు వారాలుగా మీరు ప్రిజర్వేటివ్ లేని నీళ్ల సీసా వాడుతున్నారు.

వానచినుకు
అయ్యో. ఇప్పుడే పారబోశాను. స్ట్రిప్స్ ఆర్డర్ పెట్టాను. అమ్మకి ఏమీ కాలేదు, అదే సంతోషం.

కుదురు
పీహెచ్ గారు వచ్చారంటే సీసా పారబోయించకుండా వెళ్లరు :) నాది కూడా పోయిన ఏడాది ఈయనే పారబోయించారు. మంచి పనే చేశారు.

పచ్చమొక్క
అసలు పాలిసార్బేట్ ఎందుకు? అది పెగ్ (పాలీఎథిలీన్ గ్లైకాల్) రసాయనం. ఎథాక్సిలేషన్, అంటే ఎథిలీన్ ఆక్సైడ్ తగిలించడం, చేసి తయారు చేస్తారు, 1,4-డయాక్సేన్ అనే హానికర పదార్థం వస్తుంది. దాని బదులు కాప్రిలైల్ కాప్రిల్ గ్లూకోసైడ్ లేదా పాలీగ్లిజరిల్-4 కాప్రేట్ వాడండి. మొక్కల నుంచి వచ్చినవి, చర్మానికి మెత్తగా ఉంటాయి.

త్రాసు
పచ్చమొక్క గారూ, పెగ్ వద్దనుకోవడం మీ ఇష్టం, అందులో తప్పేమీ లేదు. కానీ అది వద్దనుకోవడం, మెత్తగా ఉండటం రెండూ వేరు. డయాక్సేన్ అనేది ఎథాక్సిలేషన్‌లో పుట్టే మలినం, కావాలని కలిపే పదార్థం కాదు. తయారీలో వాక్యూమ్ పెట్టి దాన్ని తగ్గిస్తారు. పాలిసార్బేట్-20 మాత్రం చర్మానికి చాలా మెత్తని సర్ఫాక్టెంట్లలో ఒకటి. పిల్లల షాంపూల్లో దాని దగ్గరి బంధువు పెగ్-80 సార్బిటన్ లారేట్‌ను వాడేది, కళ్లు మండకుండా ఉండటానికే.

మీరు చెప్పిన కాప్రిలైల్ కాప్రిల్ గ్లూకోసైడ్ మంచి సాల్యుబిలైజరే. కానీ దానిలోనూ 60 శాతం దాకా సరుకు ఉంటుంది, దాని పీహెచ్ కూడా డెసిల్ లాగే ఎక్కువ. అది వేసినా ఆమ్లంతో దించాల్సిందే, దాన్నీ సర్ఫాక్టెంట్ లెక్కలో కలపాల్సిందే.

పచ్చమొక్క
చిన్న పిల్లల షాంపూ సంగతి నాకు తెలియదు. సరే, ఒప్పుకుంటాను. నా సీసాల్లో మాత్రం పెగ్ రాదు.

అద్దంముక్క
పేర్లలో ఒక గందరగోళం ఉంది, చెప్తాను. పాలిసార్బేట్-20, 80 అనే అంకెలు బలాన్ని చెప్పవు. ఏ కొవ్వు ఆమ్లం తగిలించారో చెప్తాయి: 20 అంటే లారిక్, 40 పామిటిక్, 60 స్టియరిక్, 80 ఓలీక్. ఎథిలీన్ ఆక్సైడ్ భాగాలు నాలుగింటిలోనూ సుమారు 20 చొప్పునే. నేను మొదట్లో 80 అంటే నాలుగు రెట్లు బలమనుకుని చిటికెడు వేసేదాన్ని.

సర్ఫాక్టెంట్ నీళ్లను ఎక్కువ ఇష్టపడుతుందా, నూనెనా అని చెప్పే కొలత హెచ్‌ఎల్‌బీ, అంకె పెరిగేకొద్దీ నీళ్ల వైపు. 1949లో విలియం గ్రిఫిన్ ప్రతిపాదించిన ఆ కొలతలో పాలిసార్బేట్-20 విలువ 16.7, పాలిసార్బేట్-80 విలువ 15. రెండూ నీళ్లను ఇష్టపడేవే. తేలికపాటి ఎసెన్షియల్ ఆయిల్స్‌కి 20, బరువైన నూనెలకి 80 అని చెప్పేది అందుకే. లారిక్ తోక పొట్టిది, ఓలీక్ తోక పొడవు. నూనె అణువుకు నప్పే తోక ఉన్నదే దాన్ని బాగా పట్టుకుంటుంది.

నురగమేఘం
అయితే తేటగా ఎందుకు ఉండాలి? వాడే ముందు ఊపుకుంటే సరిపోతుంది కదా. నేను టోనర్ అలాగే వాడతాను.

పీహెచ్_పిచ్చి
సరిపోదు. ఊపిన తర్వాత చేతిలోకి ఎంత నూనె వచ్చిందో మీకు తెలియదు. ఒకరోజు ఏమీ రాదు, ఒకరోజు లావెండర్ చుక్క పలచబడకుండా కంటి పక్కన పడుతుంది. పైగా కొన్ని ప్రిజర్వేటివ్‌లు నూనెలోకి వెళ్లిపోతాయి, నీళ్లు ఖాళీగా మిగులుతాయి. బూజు పెరిగేది నీళ్లలోనే.

గోరింక77
నేను నురగమేఘం గారి పద్ధతే రెండేళ్లు వాడాను. ఒకరోజు దవడ పక్కన రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ వచ్చింది. ఊపకుండా వంపాను, పైన తేలిన టీ ట్రీ ఆయిల్ నేరుగా పడింది. తగ్గడానికి పది రోజులు పట్టింది. ఇప్పుడు ముఖానికి ఏ సువాసనా వేయడం లేదు.

నురగమేఘం
ఇది ఆలోచించలేదు. టోనర్‌లో కూడా మానేస్తాను.

మైసెల్_మామ
సున్నితం అన్న మాట మీద కాస్త వివరంగా రాస్తాను. వానచినుకు గారు అడిగిన రెండో ప్రశ్నకు ఎవరూ ఇంకా జవాబివ్వలేదు.

సర్ఫాక్టెంట్ అణువుకు ఒక తల, ఒక తోక. తల నీళ్ల వైపు, తోక నూనె వైపు. నీళ్లలో కొంత గాఢత దాటాక ఇవి తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకుని గుంపు కడతాయి. ఆ గుంపే మైసెల్. లావెండర్ కరిగేది ఈ గుంపు కడుపులోనే. అప్పుడది కాంతిని చెదరగొట్టనంత చిన్నగా ఉంటుంది కాబట్టి సీసా తేటగా కనిపిస్తుంది. గుంపు మరీ ఉబ్బితే లేత నీలం మబ్బు, ఇంకా ఉబ్బితే పాల తెలుపు. వానచినుకు గారి సీసా మొదటి నిమిషంలోనే పాలలా ఉందంటే అది కరగలేదు, తాత్కాలికంగా చెదిరింది అంతే.

చర్మాన్ని చికాకు పెట్టేవి ఎక్కువగా గుంపులో చేరని ఒంటరి అణువులు, చిన్న చిన్న గుంపులు. అవి చర్మం పై పొరలోకి దూరి ప్రోటీన్లను పట్టుకుంటాయి, కొవ్వును లాగేస్తాయి. సోడియం లారిల్ సల్ఫేట్ ఈ పనిలో ఎంత గట్టిదంటే, చర్మం మీద చికాకును పరీక్షించే ప్రయోగాల్లో దాన్నే కొలమానంగా వాడతారు.

అందుకే ఒకే సర్ఫాక్టెంట్‌ను 20 శాతం వేయడం కంటే రెండు మూడు రకాలను తక్కువ తక్కువ వేయడం మేలు. తలకు రుణావేశం ఉన్న సర్ఫాక్టెంట్ పక్కన కోకమిడోప్రొపైల్ బీటెయిన్ లాంటి ఆంఫోటెరిక్ (ధన, రుణ ఆవేశాలు రెండూ ఉన్నది) ఉంటే తలల మధ్య తోపులాట తగ్గుతుంది, గుంపులు దగ్గరగా, పెద్దగా కడతాయి, ఒంటరి అణువులు తగ్గుతాయి. మొత్తం సరుకు అంతే ఉన్నా చర్మానికి మెత్తగా తగులుతుంది. ఈ పనికి నాకు బాగా నచ్చిన జోడీ కోకోయిల్ గ్లుటమేట్, బీటెయిన్. నురగ సన్నగా, మీగడలా వస్తుంది. కడిగాక చర్మం బరకగా అనిపించదు.

వానచినుకు
మైసెల్ మామ గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రెండుసార్లు చదివాను. డెసిల్ గ్లూకోసైడ్ పూర్తిగా తీసేయాలా?

మైసెల్_మామ
తీయక్కర్లేదమ్మా. కొంచెం ఉంచు. 20 మాత్రం వద్దు.

నీలిసీసా
బీటెయిన్ గురించి జాగ్రత్త. నాకు రెండేళ్లు కనురెప్పలు ఎర్రబడి పొలుసులు రాలేవి. క్రీములన్నీ మానేశాను, తగ్గలేదు. చివరికి ప్యాచ్ టెస్ట్‌లో తేలింది, షాంపూలోని కోకమిడోప్రొపైల్ బీటెయిన్ పడటం లేదని. తల మీద ఏమీ ఉండేది కాదు, కారిన నురగ రెప్పల మీద పడేది. అన్ని సీసాల మీదా "మైల్డ్" అనే రాసి ఉంది. 2004లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దీన్నే ఆ ఏటి అలర్జెన్‌గా (అలర్జీ తెచ్చే పదార్థంగా) ప్రకటించింది.

పచ్చమొక్క
అందుకే గ్లూకోసైడ్లు మేలు అనేది.

నీలిసీసా
అదే సొసైటీ 2017లో ఆల్కిల్ గ్లూకోసైడ్లను ప్రకటించింది. డెసిల్, లారిల్, కోకో, అన్నీ అందులోకే వస్తాయి. అలాగని భయపెట్టడం లేదు, పడనివాళ్లు కొద్దిమందే. కానీ వానచినుకు గారు అమ్మగారికి రాసే ముందు మోచేతి మడతలో కొన్ని రోజులు వాడి చూడాలి. మొదటిరోజే ముఖానికి వద్దు.

మైసెల్_మామ
నీలిసీసా చెప్పింది నిజం. బీటెయిన్‌లో ఎక్కువమందికి పడనివి తయారీలో మిగిలిపోయే మలినాలు: అమిడోఅమీన్, డైమిథైల్ అమినోప్రొపైలమీన్. బాగా శుద్ధి చేసిన సరుకులో ఇవి తక్కువ. పడదని తేలినవాళ్లు మాత్రం శుద్ధి మీద ఆశ పెట్టుకోకుండా సోడియం కోకోఆంఫోఅసిటేట్‌కి మారడం మంచిది.

బుడగలబాబు
సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ ఎవరూ చెప్పలేదేంటి? అన్నిటికంటే మెత్తనిది అదే అంటారు. నేను వేసి చేస్తే రాత్రి తేటగా, తేనెలా ఉంది. పొద్దున చూస్తే అడుగున తెల్లటి రవ్వ. వడకట్టాలా?

త్రాసు
వడకడితే సర్ఫాక్టెంటే పోతుంది. ఆ రవ్వ అదే. వేడి మీద కరుగుతుంది, చల్లారాక నీళ్లలో ఉండలేక పేరుకుంటుంది. ముందు బీటెయిన్‌లో వేసి సన్న సెగ మీద కరిగిస్తే కొంత మేలు, అయినా తేట జెల్ దానితో కష్టం. తెల్లగా, క్రీములా ఉండే క్లెన్సర్‌కి దాన్ని ఉంచుకోండి. తేట కావాలంటే సోడియం లారోయిల్ మిథైల్ ఐసెథియోనేట్ నీళ్లలో సులభంగా కరుగుతుంది.

ఒక మాట, పొడి రూపంలో కొన్నారా? తూచేటప్పుడు ముక్కుకు మాస్క్ పెట్టుకోండి. ఆ దుమ్ము గొంతులోకి పోతే గంటసేపు దగ్గే.

బుడగలబాబు
ఆ దగ్గు నాకు తెలుసు సార్. ఇల్లంతా తుమ్మాం, పిల్లితో సహా.

పీహెచ్_పిచ్చి
ఐసెథియోనేట్ గురించి ఇంకోటి. అది ఎస్టర్. ఆమ్లం ఎక్కువైనా, క్షారం ఎక్కువైనా నెమ్మదిగా విడిపోతుంది. 6 నుంచి 8 మధ్య సుఖంగా ఉంటుంది. బెంజోయేట్‌కేమో 5 కావాలి. రెండింటికీ పొసగదు. అది వాడేవాళ్లు ఫినాక్సీఇథనాల్ లాంటి, పీహెచ్ పట్టింపు లేని ప్రిజర్వేటివ్ చూసుకోండి. దానికి ఐరోపా నియమాల్లో గరిష్ఠం 1 శాతం. ఇంకా ఒకటి, పారాబెన్లు వాడేవాళ్లు పాలిసార్బేట్ ఎక్కువ పోయకండి. మైసెల్స్ వాటిని కూడా కడుపులో దాచుకుంటాయి, నీళ్లలో కాపలా తగ్గిపోతుంది.

చిన్నిచేయి
సోడియం కోకో సల్ఫేట్ ఎలా ఉంటుంది? కొబ్బరి నుంచి వస్తుంది, ఎస్‌ఎల్‌ఎస్ (సోడియం లారిల్ సల్ఫేట్) కాదు అని రాశారు ప్యాకెట్ మీద.

మైసెల్_మామ
కొబ్బరి నూనెలో సగం దాకా లారిక్ ఆమ్లమే. దాన్నుంచి చేసిన కోకో సల్ఫేట్‌లోనూ అధిక భాగం లారిల్ సల్ఫేటే. పొడవు తోకలు కొన్ని కలుస్తాయి కాబట్టి కొంచెం తేడా ఉంటే ఉండొచ్చు. పొడి చర్మానికి అది వద్దు.

చిన్నిచేయి
అర కిలో కొన్నాను మరి.

కుదురు
దుప్పట్లు ఉతుక్కోండి, బాగా పోతుంది మురికి. నేను అదే చేశాను.

వానచినుకు
నేను బాదం నూనె వేసిందే అమ్మ చర్మం పొడిబారకూడదని. అది తీసేస్తే ఎలా?

అద్దంముక్క
ఆ నూనెను ఈ సీసాలోంచి తీసి ఇంకో సీసాలో పెట్టండి. నీళ్లు అసలు లేని క్లెన్సింగ్ ఆయిల్ చేయొచ్చు. బాదం నూనె 85, పాలీగ్లిజరిల్-4 ఓలియేట్ 15, కాస్త విటమిన్ ఇ. పొడి ముఖానికి పొడి చేతులతో రాసి, తర్వాత తడి చేస్తే పాలలా మారి కడిగితే పోతుంది. మేకప్, సన్‌స్క్రీన్ తీయడానికి దీన్ని మించింది లేదు. ఇక్కడ పాలిసార్బేట్-80 వేయకండి, అది బాదం నూనెలో నిలవదు. నా సీసాలో వారానికే అడుక్కి దిగి బంకలా కూర్చుంది.

నీళ్లు లేవు కాబట్టి బూజు భయం తక్కువ. తడి చేతులు మాత్రం మూతి దగ్గర పెట్టొద్దు. విటమిన్ ఇ వేసేది నూనె కంపు కొట్టకుండా, అది ప్రిజర్వేటివ్ కాదు.

త్రాసు
నీళ్ల క్లెన్సర్‌కి నేను చేసే కొలత ఇది, 100 గ్రాములకు.

డైసోడియం కోకోయిల్ గ్లుటమేట్ (30 శాతం ద్రావణం) 10, బీటెయిన్ (30 శాతం) 8, డెసిల్ గ్లూకోసైడ్ 4. సరుకు లెక్క 3, 2.4, 2, మొత్తం 7.4. గ్లిజరిన్ 3, క్సాంథన్ గమ్ 0.6, సోడియం బెంజోయేట్ 0.5, పొటాషియం సార్బేట్ 0.2. లావెండర్ తప్పదంటే 0.2, దానికి పాలిసార్బేట్-20 ఒక గ్రాము లోపు. పీహెచ్ 5 దగ్గరికి తేవడానికి సిట్రిక్ ఆమ్లం, మిగతాదంతా నీళ్లు.

గమ్‌ను ముందు గ్లిజరిన్‌లో కలిపి తర్వాత నీళ్లలో వేయండి, లేకపోతే ఉండలు కడుతుంది. ఉప్పు వేస్తే చిక్కబడుతుందని చదివి ప్రయత్నించకండి, ఈ కలయిక ఉప్పుకు లొంగదు. బెంజోయేట్ నీళ్లలో పూర్తిగా కరిగాకే ఆమ్లం పోయండి, అది కూడా పలచన చేసి, చుక్క చుక్కగా. గాఢంగా ఒకేసారి పోస్తే బెంజోయిక్ ఆమ్లం స్ఫటికాలుగా పడుతుంది. లావెండర్‌ని పాలిసార్బేట్‌లో వేసి బాగా కలిపి, ఆ మిశ్రమాన్ని చివరికి వేయండి. నీళ్లలో నేరుగా నూనె వేసి తర్వాత పాలిసార్బేట్ పోస్తే ఎంత తిప్పినా మబ్బు వదలదు.

పీహెచ్_పిచ్చి
త్రాసు గారు ఇచ్చినదాంట్లో ఒక్క హెచ్చరిక. గ్లుటమేట్ ఉంది కాబట్టి పీహెచ్ మరీ దించకండి, మబ్బు పడుతుంది. 5 నుంచి 5.3 మధ్య ఆపండి. సార్బేట్ వేయమన్నది కూడా అందుకే, 5 దగ్గర దానిలో మూడో వంతుకు పైగా పని చేసే రూపంలో ఉంటుంది, బెంజోయేట్ కంటే నయం.

గోరింక77
లావెండర్ నిజంగా తప్పదా? గాలి తగిలి పాతబడిన లావెండర్‌లో లినలూల్ ఆక్సీకరణ చెందుతుంది, అలర్జీలు తెచ్చేది ఎక్కువగా ఆ పాత సరుకే. మీ సీసా ఎప్పుడు తెరిచారు?

వానచినుకు
రెండేళ్లయింది. అది వాడను. కొత్తది చిన్న సీసా కొంటాను. అమ్మకి ఆ వాసనంటే ప్రాణం, ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోతుంది. పూర్తిగా తీసేయడానికి మనసొప్పడం లేదు. 0.2 మించి వేయను.

మైసెల్_మామ
అయితే ఒక పరీక్ష చేయి. నాలుగు చిన్న గ్లాసులు తీసుకో. నాలుగింటిలోనూ నీ క్లెన్సర్ బేస్ ఒకే తూకం, లావెండర్ 0.2 శాతం. ఒకదానిలో పాలిసార్బేట్ వేయకు. మిగతా వాటిలో లావెండర్‌కి రెండింతలు, నాలుగింతలు, ఆరింతలు. చుక్కలు లెక్కపెట్టకు, గ్రాముల్లో తూచు, ఒక్కో డ్రాపర్ చుక్క ఒక్కో సైజు. అచ్చు వేసిన కాగితం మీద గ్లాసు పెట్టి అక్షరాలు ఎంత స్పష్టంగా కనబడుతున్నాయో చూడు. ఒక రోజు బయట, ఒక రోజు ఫ్రిజ్‌లో, మళ్లీ బయట.

ఉత్త నీళ్లలో చేసిన నిష్పత్తి ఇక్కడ పనికిరాదు. బేస్‌లో ముందే మైసెల్స్ ఉన్నాయి, వాటి కడుపులో ఎంత చోటుందో తెలియాలి.

నురగమేఘం
ఈ పరీక్ష నేను కూడా చేస్తాను. ఇన్నాళ్లూ ఒకటికి నాలుగు అని కళ్లు మూసుకుని పోసేదాన్ని.

వానచినుకు
పన్నెండు రోజుల తర్వాత వచ్చాను. ఫలితాలు రాస్తున్నాను.

స్ట్రిప్స్ వచ్చాక ముందు డెసిల్ గ్లూకోసైడ్ పలచన చేసి ముంచాను. స్ట్రిప్ ముదురు నీలం అయింది, గుండె జారింది. కొత్త బేస్ త్రాసు గారి కొలతతోనే చేశాను. ఆమ్లం కాస్త ఎక్కువ పడి 4.7కి దిగింది, పీహెచ్ గారు చెప్పినట్టే పొగమంచులా మబ్బు పట్టింది. టెన్షన్ పడ్డాను. అప్పుడు డెసిల్ గ్లూకోసైడ్ క్షారమే కదా అని గుర్తొచ్చి, దాన్నే కొన్ని చుక్కలు వేసి కలిపాను. 5.1కి వచ్చి మళ్లీ తేటబడింది.

ఇక నాలుగు గ్లాసులు. పాలిసార్బేట్ లేని గ్లాసు మొదటి గంట చిన్న నీలం మెరుపుతో ఉంది. తెల్లారేసరికి అక్షరాలు నాలుగింటిలోనూ ఒకేలా కనిపించాయి. ఫ్రిజ్ నుంచి తీశాక కూడా అంతే. రెండోసారి చేసి చూశాను, తేడా లేదు. ఆరింతలు వేసిన గ్లాసు మాత్రం వేలికి జిగురుగా తగిలింది.

కాబట్టి నా సీసాలో ఇప్పుడు సాల్యుబిలైజర్ అసలు లేదు.

మైసెల్_మామ
0.2 శాతమే కాబట్టి ఉన్న మైసెల్స్ సరిపోయాయి. వాసన పెంచినా, నిమ్మ జాతి నూనెలకి మారినా మళ్లీ గ్లాసులు పెట్టాలి. లిమొనీన్ లావెండర్ అంత సులభంగా ఇమడదు.

త్రాసు
7.4 అన్న లెక్క ఆ చుక్కల వల్ల కాస్త పెరిగింది. వచ్చే బ్యాచ్‌లో ఆమ్లాన్ని తూచి రాసుకోండి, ఎన్ని గ్రాములకు 5.1 వచ్చిందో తెలిస్తే మళ్లీ దిగిపోదు.

వానచినుకు
రాసుకున్నాను. నోట్‌బుక్ ఒకటి దీనికోసమే పెట్టాను.

నీలిసీసా గారు చెప్పినట్టు అమ్మకి ఏడు రోజులు మోచేతి మడతలో వాడాను. ఏమీ రాలేదు. నిన్న పొద్దున మొదటిసారి ముఖానికి వాడింది. సాయంత్రం నేనే అడిగాను, లాగుతోందా అని. "దేని గురించి అడుగుతున్నావే?" అంది. ముఖం కడుక్కున్న సంగతే మర్చిపోయింది.

నీలిసీసా
చదివి చాలా సంతోషమేసింది. మొదటి నెల రోజులు రెప్పల దగ్గర మాత్రం కనిపెట్టుకుని ఉండండి. అలర్జీ వెంటనే రావాలని లేదు.

చిన్నిచేయి
నేనూ ఇదే చేస్తున్నాను. నీళ్ల బదులు గులాబీ రేకులు మరిగించిన నీళ్లు పోయొచ్చా?

పీహెచ్_పిచ్చి
వద్దు. ఆ నీళ్లలో చక్కెరలు, రేకుల ముక్కలు అన్నీ సూక్ష్మజీవులకు మేతే, 0.5 శాతం బెంజోయేట్ దాన్ని మోయలేదు. మొదటిసారి డిస్టిల్డ్ వాటర్‌తోనే చేయండి. చేశాక పీహెచ్ ఎంతో ఇక్కడ రాయండి.